బొమ్మ లెక్క వేరు, మాట లెక్క వేరు: వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో పని

గంటసేపు సాగిన ఇంటర్వ్యూ ఒకటి ఉందనుకుందాం. బొమ్మ ఫోన్‌లో తీశారు. మాటను చొక్కాకు తగిలించిన కాలర్ మైకుతో విడిగా రికార్డర్‌లోకి తీసుకున్నారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులను వరుసగా పేర్చే టైమ్‌లైన్ మీద రెండింటినీ పక్కపక్కన పెడితే మొదటి వాక్యం పెదవులకు చక్కగా అతికింది. ఇరవయ్యో నిమిషం వచ్చేసరికి ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. యాభయ్యో నిమిషంలో మనిషి నోరు మూసేశాక మాట వినిపిస్తుంది. మధ్యలో ఎక్కడా కోయలేదు, దేన్నీ జరపలేదు.

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కాలాన్ని ఫ్రేముల్లో, అంటే వరుసగా వచ్చే నిశ్చల బొమ్మల్లో కొలుస్తుంది. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. దానికి అంతకన్నా చిన్న క్షణం లేదు. ధ్వనికి మాత్రం కొలమానం శాంపిల్, అంటే ఒక క్షణంలో ధ్వని అల ఎత్తును కొలిచి రాసుకున్న ఒక్క అంకె. సెకనుకు 48,000 శాంపిళ్ళ చొప్పున రికార్డు చేస్తే ఒక్క ఫ్రేము కడుపులో 1,920 శాంపిళ్ళు ఇమిడి ఉంటాయి. ఒకే టైమ్‌లైన్ మీద రెండు గడియారాలు నడుస్తున్నాయన్న మాట. పెదవులకు మాట అతకకపోవడం, కోసిన చోట టిక్‌మనడం, గొంతు సన్నబడిపోవడం, ఎగుమతి చేశాక మాట వెనకపడటం, వీటిలో ఎక్కువ భాగం ఈ రెండు లెక్కల మధ్య పొత్తు చెడటం వల్ల వచ్చేవే. ఏ బటన్ నొక్కాలో చెప్పే పాఠాలు ఎన్నైనా దొరుకుతాయి. ఆ బటన్ ఏ గడియారాన్ని కదుపుతోందో తెలిస్తేనే తప్పు ఎక్కడుందో చేతికి దొరుకుతుంది.

48 వేలే ఎందుకు

48,000ను 24తో భాగిస్తే 2,000. 25తో భాగిస్తే 1,920. 30తో భాగిస్తే 1,600. ఎక్కడా శేషం లేదు, ప్రతి ఫ్రేముకూ నిండు సంఖ్యలో శాంపిళ్ళు వస్తాయి. సీడీల్లో వాడే 44,100ను 24తో భాగిస్తే 1,837న్నర వస్తుంది. అర శాంపిల్ అనేది లేదు కాబట్టి ఫ్రేము అంచూ శాంపిల్ అంచూ కలవవు. చిత్రమేమిటంటే ఆ 44,100 కూడా వీడియో నుంచి పుట్టిందే. సీడీలు రాకముందు డిజిటల్ ధ్వనిని వీడియో టేపు మీద నలుపు తెలుపు చుక్కలుగా భద్రపరిచేవారు. అమెరికా పద్ధతిలో ఒక ఫీల్డుకు (ఒక ఫ్రేములో సగం గీతలు) వాడుకునే 245 గీతలు, గీతకు 3 శాంపిళ్ళు, సెకనుకు 60 ఫీల్డులు, గుణిస్తే 44,100. యూరప్ పద్ధతిలో 294 గీతలు, 3 శాంపిళ్ళు, 50 ఫీల్డులు, అదీ 44,100 అవుతుంది. సంగీతం ఆ సంఖ్యతో ఉండిపోయింది, వీడియో 48 వేలతో స్థిరపడింది.

అందుకే రికార్డింగ్‌కు కూర్చునే ముందు గొలుసులో ఉన్న ప్రతి కడియాన్నీ 48 కిలోహెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 48,000 శాంపిళ్ళకు మార్చుకోవాలి. విండోస్‌లో సౌండ్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి, రికార్డింగ్ ట్యాబ్‌లో మైకు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ కింద డిఫాల్ట్ ఫార్మాట్ చూడండి. కొన్ని యంత్రాల్లో అది 44,100 దగ్గరే పడి ఉంటుంది. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్ అనే చిన్న అప్లికేషన్‌లో ఇదే పని జరుగుతుంది. విడి రికార్డర్ ఉంటే దాని మెనూలో, చివరగా ప్రాజెక్టు సెట్టింగుల్లో. బిట్ డెప్త్ (ఒక్కో శాంపిల్‌ను ఎన్ని బిట్లలో రాయాలనేది) 24 పెట్టుకోండి. ఒక్క మైకు మోనోలో (ఒకే చానల్‌లో) నిమిషానికి 8.64 మెగాబైట్లు, గంటకు దాదాపు 520 మెగాబైట్లు పడుతుంది. వీడియో ఫైళ్ళ పక్కన అది ఏపాటి?

44.1లో తీసిన ఫైలును ఏ యంత్రమైనా పొరపాటున 48గా చదివితే మాట 8.8 శాతం వేగంగా పరుగెడుతుంది, గొంతు దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి ఎగబాకుతుంది. మగవాళ్ళ గొంతు కుర్రగొంతులా మారిందంటే వెతకాల్సింది ఇక్కడే. ఈక్వలైజర్‌తో (పౌనఃపున్యాల వారీగా ధ్వనిని హెచ్చించి తగ్గించే పరికరంతో) కుస్తీ పట్టడం దండగ.

జారుడు ఎన్ని రకాలు

సింక్ (బొమ్మా మాటా కలిసి నడవడం) చెడింది అని అందరూ ఒకే మాటలో అంటారు గానీ అందులో మూడు వేర్వేరు జబ్బులున్నాయి, మూడింటికీ మందు వేరు. ముందు ఏ జబ్బో తేల్చుకోవాలి. మొదటి నిమిషంలోనూ చివరి నిమిషంలోనూ తేడా ఒకటేనా? అయితే అది ఆలస్యం. క్లిప్‌ను ఒకసారి జరిపితే చాలు. తేడా సమంగా పెరుగుతూ పోతోందా? అది గడియారాల తేడా. కాసేపు కుదిరి, కాసేపు చెడి, మళ్ళీ కుదురుతోందా? అది ఫోన్ వీడియో చేసే పని.

ఫోన్ కెమెరాలు చాలావరకు స్థిరమైన ఫ్రేము రేటు పాటించవు. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య వ్యవధిని పెంచేస్తాయి. 30 అని సెట్ చేసినా ఒక సెకనులో 30 రావచ్చు, ఇంకో సెకనులో 27 రావచ్చు. ఫైలులో ప్రతి ఫ్రేముకూ దాని సమయం రాసి ఉంటుంది కాబట్టి ఫోన్‌లో ప్లే చేసినప్పుడు తేడా తెలియదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రేములన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుని పేర్చిందా, అక్కడ బొమ్మ జారుతుంది. ఆడియో తప్పేమీ లేదు, అయినా నింద దానికే పడుతుంది. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని కనిపిస్తుంది. అలాంటి ఫైలును ఎడిటింగ్‌లోకి తీసుకోకముందే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో వేసి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేటు 30 ఎంచుకుని, పక్కనే కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ మీద గుర్తు పెట్టి మార్చుకోవాలి. కోతలన్నీ పూర్తయ్యాక మారిస్తే పని మొదటికొస్తుంది.

గడియారాల తేడా వేరే సంగతి. కెమెరాలోనూ రికార్డర్‌లోనూ ఉండే క్వార్ట్జ్ స్ఫటికాలు ఒకే వేగంతో కంపించవు. రెండింటికీ మధ్య పది లక్షల్లో ముప్పై వంతుల తేడా ఉందనుకోండి, గంటకు 108 మిల్లీసెకన్లు, అంటే రెండున్నర ఫ్రేముల పైచిలుకు జారుతుంది. పది నిమిషాల వీడియోలో ఇది ఎవరికీ తెలియదు, గంట ప్రసంగంలో మాత్రం బయటపడుతుంది. ఇక 30 ఫ్రేముల ఫైలును 29.97 టైమ్‌లైన్‌లో, లేదా 24ను 23.976లో తప్పుగా చదివించినప్పుడు వెయ్యికి ఒక వంతు తేడా వస్తుంది. గంటకు 3.6 సెకన్లు! అంత పెద్ద జారుడు కనిపిస్తే స్ఫటికాల మీద అనుమానం వద్దు, ఫ్రేము రేటు సెట్టింగు చూడండి.

దీనికి కట్టుదిట్టమైన ఉపాయం ఒక్కటే: రికార్డింగ్ మొదట్లో ఒక చప్పట, చివర్లో ఒక చప్పట. మొదటి చప్పట అందరూ కొడతారు, చివరిది మరచిపోతారు. రెండూ ఉంటే మొదటిదాన్ని బొమ్మతో కలిపి, చివరిది ఎన్ని ఫ్రేములు పక్కకు పోయిందో చూస్తే జారుడు ఎంతో లెక్క తేలుతుంది. దాన్ని సరిచేయడానికి డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ధ్వని పనికి ఉన్న ఫెయిర్‌లైట్ పేజీలో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి ఎలాస్టిక్ వేవ్ ఎంచుకుని, గొంతు మారకుండా క్లిప్‌ను కొద్దిగా సాగదీయవచ్చు. లేదా మాటల మధ్య విరామాల్లో పది నిమిషాలకోసారి కోసి, ఒక్కో ముక్కనూ ఒకటి రెండు ఫ్రేములు జరపవచ్చు. నిశ్శబ్దంలో జరిపిన రెండు ఫ్రేములు ఎవరికీ వినపడవు. రెండో పద్ధతే మేలు, ఎందుకంటే ధ్వని చెక్కుచెదరదు.

ఎంత తేడాను కన్ను క్షమిస్తుంది? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ బీటీ.1359 అనే సిఫారసులో దీన్ని లెక్కగట్టింది. మాట బొమ్మకన్నా దాదాపు 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడు. వెనక వస్తే మాత్రం 125 దాకా పట్టించుకోడు. ఈ పక్షపాతానికి కారణం ప్రకృతిలోనే ఉంది. చెరువు అవతలి రేవులో బట్టను బండకేసి కొట్టడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. ధ్వని సెకనుకు 343 మీటర్లే వెళుతుంది మరి, మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. చప్పుడు ముందొచ్చి దృశ్యం వెనక రావడం మన అనుభవంలో ఎక్కడా లేదు. అందుకే ఒక ఫ్రేము అటా ఇటా అని తేలనప్పుడు మాట కాస్త ఆలస్యంగా వచ్చే వైపుకే జరపండి.

ఇంకొక హెచ్చరిక. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సింక్ సరిచేయకండి. వాటిలో ధ్వని చెవికి చేరేసరికే ఫ్రేముల కొద్దీ ఆలస్యం. కొన్ని ప్లేయర్లు ఆ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకుని బొమ్మను ఆపుతాయి గానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అలా చేస్తుందని నమ్మడానికి లేదు. చెవికి సరిగ్గా ఉందని జరిపితే ఆ తప్పు ఫైలులో శాశ్వతంగా కూర్చుంటుంది. తీగ ఉన్న హెడ్‌ఫోనే వాడాలి.

నేరుగా టైమ్‌లైన్ మీద గొంతు రికార్డు చేయడం

వ్యాఖ్యానం చెప్పడానికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఫెయిర్‌లైట్ అనేది ఆస్ట్రేలియాలో 1975లో పుట్టిన డిజిటల్ ధ్వని సంస్థ. 2016లో రిజాల్వ్‌ను తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ దాన్ని కొని, మరుసటి ఏడాది వచ్చిన రిజాల్వ్ 14లో ఒక పేజీగా చేర్చింది. ఉచిత వెర్షన్‌లోనూ అది ఉంది. అందుకే ఉదాహరణకు దాన్నే తీసుకుంటున్నాం.

ముందు ప్రాజెక్టు సెట్టింగుల్లో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు ఖాయం చేసుకోండి. టైమ్‌లైన్ మీద పని మొదలయ్యాక అది మారదు. అక్కడే క్యాప్చర్ అండ్ ప్లేబ్యాక్ విభాగంలో రికార్డు చేసిన ఫైళ్ళు ఏ ఫోల్డరులోకి వెళ్ళాలో చెప్పండి, లేకపోతే వారం తర్వాత వాటిని వెతుక్కోవాల్సి వస్తుంది. ఫెయిర్‌లైట్ పేజీలో ట్రాక్ పేరు మీద రైట్ క్లిక్ చేసి కొత్త ట్రాక్ చేర్చేటప్పుడు మోనో ఎంచుకోండి. పై మెనూలో ఫెయిర్‌లైట్ కింద ప్యాచ్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ తెరిస్తే ఎడమ పక్క మీ మైకు, కుడి పక్క ట్రాకులు కనిపిస్తాయి. మూలంగా ఆడియో ఇన్‌పుట్స్, గమ్యంగా ట్రాక్ ఇన్‌పుట్ పెట్టి, రెండింటినీ నొక్కి ప్యాచ్ చేయండి. ట్రాక్ మీద ఉన్న ఆర్ అక్షరం నొక్కితే ఎర్రగా వెలుగుతుంది, మీటరు కదులుతుంది. ఆ తర్వాతే ట్రాన్స్‌పోర్ట్‌లోని (ప్లే, స్టాప్ బటన్ల వరుసలోని) ఎర్ర చుక్క నొక్కాలి.

ఇక్కడ జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకటే. రికార్డింగ్ నడుస్తోంది, క్లిప్ వస్తోంది, గీత మాత్రం చదునుగా ఉందంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ సాఫ్ట్‌వేర్‌కు మైకు అనుమతి ఇవ్వలేదు. ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్ కింద అనుమతిచ్చి సాఫ్ట్‌వేర్‌ను మూసి తెరవాలి. మాట ఎడమ చెవిలోనే వినిపిస్తోందంటే ఒక్క మైకును స్టీరియో ట్రాక్‌లోకి తీసుకున్నారు. మళ్ళీ రికార్డు చేయనక్కర్లేదు, క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో ఆడియో కింద ఫార్మాట్‌ను మోనోకు, చానల్‌ను ఒకటికి మారిస్తే సరి. కూత వేస్తోందంటే స్పీకర్లు ఆన్‌లో ఉన్నాయి. మన గొంతు మనకే ప్రతిధ్వనిలా వెనక వస్తోందంటే బఫర్ (యంత్రం ఒక్కో విడతలో పోగుచేసుకునే శాంపిళ్ళ మూట) పెద్దదిగా ఉంది. 1,024 శాంపిళ్ళ బఫర్ అంటే ఒక వైపుకే 21 మిల్లీసెకన్లు. ఆడియో ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లో దాన్ని 256కు తగ్గిస్తే ఐదు చిల్లరకు దిగుతుంది. ఆ తర్వాత చిటపటమంటే యంత్రానికి ఊపిరాడట్లేదని అర్థం, 512కు పెంచండి. ప్రీమియర్ ప్రో అనే మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ట్రాక్ తల మీద మైకు గుర్తు నొక్కడమే. అయితే ప్రిఫరెన్సెస్‌లో ఆడియో కింద, రికార్డింగ్ సమయంలో ఇన్‌పుట్ మ్యూట్ చేసే గుర్తు ముందే పెట్టుకోవాలి.

ఒక వాక్యం మూడుసార్లు చెప్పినా పాతవి పోవు. ఫెయిర్‌లైట్‌లో అదే చోట మళ్ళీ రికార్డు చేస్తే కొత్తది పైపొరగా కూర్చుంటుంది. వ్యూ మెనూలో షో ఆడియో ట్రాక్ లేయర్స్ ఎంచుకుంటే అన్ని టేకులూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి, ఏ ముక్క బాగుంటే దాన్ని పైకి తెచ్చుకోవచ్చు.

గొంతు స్థాయి గురించి. దాన్ని డీబీల్లో (డెసిబెల్) కొలుస్తారు, డిజిటల్‌లో సున్నాయే పైకప్పు. గట్టిగా అన్న మాట మైనస్ 12 డీబీ దగ్గర తగలాలి, మామూలు మాట మైనస్ 20 చుట్టూ ఆడాలి. సున్నా దాటితే అల తల తెగుతుంది, తెగిన తలను ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు. తక్కువగా తీస్తే రొద పెరుగుతుందన్న భయం టేపుల కాలం నాటిది. 24 బిట్లకు లెక్కప్రకారం 144 డీబీ లోతు ఉంది, పది డీబీ వదులుకున్నా పోయేదేమీ లేదు.

అసలు నాణ్యత మైకు ధరలో కన్నా మైకు దూరంలో ఉంది. నోటికీ మైకుకూ దూరం సగమైనప్పుడల్లా నేరుగా వచ్చే గొంతు 6 డీబీ పెరుగుతుంది, గోడల మీంచి తిరిగొచ్చే ధ్వని మాత్రం అలాగే ఉంటుంది. 80 సెంటీమీటర్ల దూరం నుంచి 20కి తెస్తే 12 డీబీ లాభం. ఇది ఏ ప్లగిన్‌తోనూ రాదు. మన ఇళ్ళలో సిమెంటు గోడలు, టైల్స్ నేల, నాలుగు వైపులా అద్దాల్లాగే ధ్వనిని తిప్పికొడతాయి. వక్త వెనకా పక్కనా రెండు బొంతలు వేలాడదీసి, కింద పరుపు వేస్తే గది మోత సగం చచ్చిపోతుంది. ఫ్యాను రొదను తర్వాత కొంత తీయవచ్చు. గది మోతను తీయడం చాలా కష్టం, ఎందుకంటే అది కూడా అదే గొంతు. కాబట్టి దృష్టి మోత మీద పెట్టండి. మాట అయ్యాక ఎవరూ కదలకుండా గది నిశ్శబ్దాన్ని ముప్పై సెకన్లు రికార్డు చేసి ఉంచుకోండి. దాని అవసరం కాసేపట్లో వస్తుంది.

అరచేయి నోటి ముందు పెట్టి పలక అనండి, తర్వాత ఫలం అనండి. రెండోదానికి చేతికి గాలి కొడుతుంది. తెలుగు ప ఇంగ్లిష్ పీ అంత ఊదదు, అందుకే తెలుగు వ్యాఖ్యానంలో మైకు దబ్‌మనేది ఎక్కువగా ఫ దగ్గర, వత్తి పలికే భ దగ్గర, ఇంగ్లిష్ మాటల దగ్గర. మైకును నోటికి ఎదురుగా కాక ముప్పై నలభై డిగ్రీలు పక్కకు తిప్పితే ఆ గాలి పక్కనుంచి వెళ్ళిపోతుంది. మిగిలినదాన్ని 80 హెర్ట్జ్ కింద కోసే హైపాస్ ఫిల్టరు చూసుకుంటుంది.

తెలుగు మాటను ఎక్కడ కోయాలి

కోతలో ఫ్రేము లెక్క మళ్ళీ అడ్డొస్తుంది. ఎడిట్ పేజీలో కత్తెర ఫ్రేము అంచునే పడుతుంది, అంటే 40 మిల్లీసెకన్లకోసారి. ట అన్నప్పుడు నాలుక విడిపడే ఆ టక్కు అంతకన్నా ఎంతో చిన్నది. కత్తెర దాని నడుమ పడితే అక్షరం విరుగుతుంది, పక్కకు జరిపితే ఒకేసారి ఒక ఫ్రేము దూకుతుంది. ఫెయిర్‌లైట్ పేజీలో జూమ్ చేస్తే శాంపిల్ దాకా దిగవచ్చు. ప్రీమియర్‌లో టైమ్‌లైన్ ప్యానెల్ మెనూలో షో ఆడియో టైమ్ యూనిట్స్ ఎంచుకుంటే అదే వెసులుబాటు. మాట కోత అక్కడే చేయాలి. అల సున్నా గీతను దాటే చోట కోస్తే టిక్‌మనదు. ప్రతిసారీ ఆ చోటు వెతకలేం కాబట్టి కోతకు రెండు పక్కలా 3 నుంచి 5 మిల్లీసెకన్ల ఫేడ్ (ధ్వని మెల్లగా లేవడం, తగ్గడం) పెట్టడం అలవాటు చేసుకోవాలి.

తెలుగు అజంత భాష. మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లిష్‌లో చాలా మాటలు హల్లుతో టక్కున ఆగుతాయి, ఆగిన చోట కోసుకోవచ్చు. మన మాట చివరి అచ్చు మెల్లగా సన్నగిల్లుతుంది. వేవ్‌ఫామ్‌లో (తెర మీద కనిపించే ధ్వని అల బొమ్మలో) గీత చదునైనట్టు కనిపించిన చోట కోస్తే చివరి ఉ, ఇ తెగిపోయి మాట మొండిగా వినిపిస్తుంది. కాబట్టి మాట ముగిసిన చోట కాకుండా తర్వాతి మాట మొదలయ్యే ముందు కోయండి. తర్వాతి మాట క, చ, ట, త, పలతో మొదలైతే అదృష్టమే, ఆ హల్లు పేలడానికి ముందు గాలి పూర్తిగా ఆగే క్షణం ఒకటి ఉంటుంది, అదే కోతకు సరైన చోటు. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే మాత్రం జాగ్రత్త. వాడు, ఎవడు అనే రెండు మాటలు నోట్లో వాడెవడు అయిపోతాయి. కాగితం మీద మధ్యలో ఖాళీ ఉండవచ్చు, గొంతులో లేదు. అక్కడ కోతకు తావే లేదు, ఇంకో టేకులోంచి పదబంధం మొత్తాన్నీ తెచ్చుకోవాల్సిందే.

నిశ్శబ్దాలను వాటంతటవే తొలగించే పరికరాలు ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉన్నాయి. తెలుగు మీద వాటిని యథాతథంగా వదలకూడదు. చెట్టు అనే మాటను బాగా జూమ్ చేసి చూడండి. చె దగ్గర అల లేస్తుంది, ట్ట దగ్గర నాలుక అంగిలికి అతుక్కుని గీత పూర్తిగా చదునవుతుంది, మళ్ళీ టు దగ్గర లేస్తుంది. ఆ మధ్య చదును మైకు దృష్టిలో అచ్చమైన నిశ్శబ్దం. ద్విత్వాక్షరం కాబట్టి అది ఒంటి హల్లుకన్నా ఎక్కువసేపు, తీరిగ్గా మాట్లాడేవాళ్ళలో వంద మిల్లీసెకన్లు దాటి కూడా, ఉంటుంది. నిశ్శబ్దానికి కనీస నిడివి వంద అని పెడితే పరికరం దాన్ని కొరికేస్తుంది, చెట్టు చెటు అవుతుంది, పక్క పక అవుతుంది. కనీస నిడివి 400 నుంచి 500 మిల్లీసెకన్లు పెట్టండి. మాటకు ముందు 100, వెనక 150 వదలమని చెప్పండి. వెనక ఎక్కువ ఎందుకంటే, చివరి అచ్చు కోసం.

తీసేసిన చోట ఖాళీ వదలకండి. అచ్చమైన సున్నా ఏ గదిలోనూ ఉండదు, చెవి వెంటనే పట్టేస్తుంది. ముందు రికార్డు చేసి పెట్టుకున్న ఆ ముప్పై సెకన్ల గది నిశ్శబ్దాన్ని మొత్తం టైమ్‌లైన్ కింద ఇంకో ట్రాక్‌లో పరచండి. ఊపిరి తీసుకునే చప్పుళ్ళను కూడా నరికేయకండి, 6 నుంచి 10 డీబీ తగ్గిస్తే చాలు. ఊపిరి లేని వ్యాఖ్యానం వింటుంటే వినేవాళ్ళకే ఊపిరాడనట్టు ఉంటుంది.

రొద, గట్టిదనం

బూమ్‌మనే కరెంటు రొదకు డీహమ్మర్ వాడతారు. దానిలో రికార్డు చేసిన దేశపు కరెంటు పౌనఃపున్యాన్ని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్ ఎంచుకోవాలి. భారతదేశంలో రికార్డు చేసినదానికి 50. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు అక్కడ తీసి పంపిన క్లిప్‌కు 60. ఒకే వీడియోలో హైదరాబాదు గొంతూ డల్లాస్ గొంతూ ఉంటే రెండు ట్రాకులకూ వేర్వేరు సెట్టింగు కావాలి.

ఫ్యాను రొద ఒక్క శ్రుతిలో ఉండదు, అన్ని పౌనఃపున్యాల్లోనూ పరచుకుని ఉంటుంది. నాయిస్ రిడక్షన్‌ను మాన్యువల్‌లో పెట్టి, మాట లేని ఒకటి రెండు సెకన్ల మీద లెర్న్ నొక్కి రొద ముద్ర నేర్పించాలి. ఆ తర్వాత 6 నుంచి 12 డీబీ దాకానే తగ్గించండి. ఇరవై, ముప్పై లాగితే రొదతో పాటు గొంతులోని సన్నని పొరలూ పోయి, నీళ్ళలోంచి మాట్లాడినట్టు బుడబుడమంటుంది. కొద్దిగా ఫ్యాను వినిపించే మాట, బుడబుడల మాటకన్నా వెయ్యి రెట్లు మేలు.

వరుస ముఖ్యం. ముందు రొద తగ్గించడం, తర్వాత ఈక్వలైజర్, అవసరమైతే స, శ, షల ఈలను 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య అణిచే డీఎస్సర్, ఆ తర్వాత గట్టి మాటకూ మెల్లని మాటకూ మధ్య తేడాను తగ్గించే కంప్రెసర్, చివర ధ్వనిని ఒక హద్దు దాటనివ్వని లిమిటర్. కంప్రెసర్ ముందుకొస్తే ఏమవుతుంది? అది గట్టి మాటను 6 డీబీ అణిచి, మొత్తాన్ని 6 డీబీ లేపుతుంది. మాట ఎక్కడుందో అక్కడే ఉంటుంది, విరామాల్లోని ఫ్యాను 6 డీబీ లేస్తుంది. అదీ నిలకడగా కాదు, ఉబ్బుతూ తగ్గుతూ. ఆ కదిలే రొదను నేర్చుకోవడం రిడక్షన్‌కు చేతకాదు. మాటకు కంప్రెసర్‌లో మూడుకు ఒకటి నిష్పత్తి, అటాక్ (అణచడానికి పట్టే వ్యవధి) 10, రిలీజ్ (వదలడానికి పట్టే వ్యవధి) 100 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి, మీటరులో 3 నుంచి 6 డీబీ అణిగేలా త్రెషోల్డ్ (అణచడం మొదలయ్యే స్థాయి) దించండి.

గట్టిదనాన్ని శిఖరాలతో కాక ఎల్‌యూఎఫ్‌ఎస్‌తో కొలవాలి, అది చెవి విన్న తీరుకు దగ్గరి కొలత. రిజాల్వ్‌లో లక్ష్యం మొదట మైనస్ 23 దగ్గర ఉంటుంది. అది యూరప్ టీవీల ప్రమాణం. యూట్యూబ్ లెక్క మైనస్ 14. అంతకన్నా గట్టిగా ఉన్నదాన్ని యూట్యూబ్ తగ్గిస్తుంది గానీ, మెల్లగా ఉన్నదాన్ని ఆ మేరకు పెంచదు. కాబట్టి మైనస్ 23తో ఎక్కిస్తే బస్సులో ఫోన్ పట్టుకున్న ప్రేక్షకుడికి మాట అందదు. ప్రాజెక్టు సెట్టింగుల్లో ఫెయిర్‌లైట్ కింద లక్ష్యాన్ని మైనస్ 14కు మార్చి, లిమిటర్ కప్పును మైనస్ 1 డీబీ ట్రూ పీక్ (శాంపిళ్ళ మధ్య కూడా లెక్కగట్టిన అసలు శిఖరం) దగ్గర కట్టండి. ఏఏసీ అనే చిన్న సైజు ఆడియో ఫార్మాట్‌లోకి కుదించినప్పుడు శిఖరాలు కొద్దిగా పైకి పొంగుతాయి, ఆ ఒక్క డీబీ దానికోసం. నేపథ్య సంగీతం మాటకన్నా 15 నుంచి 20 డీబీ కింద ఉండాలి. పాట బాగుందని పెంచబుద్ధేస్తుంది, పెంచకండి.

మొత్తాన్ని ఒకసారి మోనోలో వినాలి. బ్యాలన్స్‌డ్ మైకును (ఒకే ధ్వనిని రెండు తీగల్లో, ఒకదానికొకటి తలకిందులుగా పంపే మైకును) సరిపడని తీగతో కెమెరా స్టీరియో సాకెట్‌కు తగిలించినప్పుడు ఎడమ అలకు కుడి అల తలకిందులుగా రావచ్చు. హెడ్‌ఫోన్‌లో కాస్త వెడల్పుగా, వింతగా ఉందనిపిస్తుంది అంతే. ఒకే స్పీకరున్న ఫోన్‌లో రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుని, సంగీతం వినిపిస్తూ మనిషి గొంతు మాత్రం మాయమవుతుంది. ఒక చానల్‌ను పక్కనపెట్టి మిగిలినదాన్ని మోనోగా వాడటమే విరుగుడు.

ఎగుమతికి ఏఏసీ, 48 కిలోహెర్ట్జ్, 320 కేబీపీఎస్. దానితోపాటు కుదించని వేవ్ ఫైలు కూడా ఒకటి తీసి దాచండి. ఏఏసీ ధ్వనిని 1,024 శాంపిళ్ళ మూటలుగా కడుతుంది, అంటే 21 మిల్లీసెకన్ల మూట. మొదట్లో కొన్ని ఖాళీ శాంపిళ్ళు చేర్చనిదే అది మొదలుకాదు. మంచి ప్లేయర్లు ఆ ఖాళీని దాటేస్తాయి. ఏఏసీని విప్పి, కోసి, మళ్ళీ ఏఏసీ చేస్తూ పోతే మాత్రం ఏదో ఒక మజిలీలో ఆ ఖాళీ అలాగే ఉండిపోయి మాట వెనకబడుతుంది. మళ్ళీ కోయాల్సి వస్తే ఎప్పుడూ వేవ్ నుంచే మొదలుపెట్టండి.

ఎగుమతైన ఫైలును సాఫ్ట్‌వేర్ బయట, తీగ హెడ్‌ఫోన్‌తో, చివరి రెండు నిమిషాల నుంచి చూడండి. జారుడు ఉంటే అక్కడే ఎక్కువ ఉంటుంది. పెదవులు గట్టిగా కలిసే ప, బ, మ అక్షరాల దగ్గర ఆపి, ఫ్రేము ఫ్రేముగా జరిపి, పెదవి విడిపడిన ఫ్రేములోనే ధ్వని మొదలైందో లేదో చూసుకోండి. అక్కడ కుదిరితే ఒకసారి మధ్యలో చూడండి, ఆ తర్వాతే మొదటి నిమిషం.